మెసేజ్ పంపే ముందు ఇరవై నిమిషాలు: స్నేహం, తొలిప్రేమ నడుమ కోపాన్ని ఆపుకోవడం ఎలా

కోపం తలకెక్కాక దాన్ని గెలుద్దామని చూసేవాళ్లే ఎక్కువగా ఓడిపోతారు. అప్పటికే గుండె దడదడలాడుతుంటుంది, చెవులు వేడెక్కి ఉంటాయి, ఎదుటివాళ్లు చెప్పేది సగమే వినబడుతుంది. ఆ సమయంలో చేయగలిగింది ఒక్కటే. చేయి, నోరు, ఫోన్, ఈ మూడింటికీ కాసేపు పని చెప్పకుండా ఉండడం. అసలు పనంతా కోపం రాకముందు, వచ్చి పోయిన తర్వాత జరగాలి.

ఇది హైదరాబాద్‌లో తొమ్మిది, పది, ఇంటర్ చదివేవాళ్ల కోసం రాసింది. పొద్దున ఆరున్నరకు కాలేజీ బస్సు, సాయంత్రం స్టడీ అవర్స్, ఇంటికొచ్చేసరికి రాత్రి. స్నేహాలూ ప్రేమలూ గొడవలూ అన్నీ కాలేజీ గేటు దగ్గర దొరికే పావుగంటలోనో, దుప్పటి కింద ఫోన్‌లోనో జరగాలి. నిద్ర చాలదు, ఒంటరిగా కూర్చోవడానికి చోటుండదు. ఇలాంటి రోజులో చిన్న మాట కూడా గట్టిగా తగులుతుంది.

దీనికి వయసు కూడా తోడవుతుంది. ప్రమాదాన్ని పసిగట్టి ఒంటిని గొడవకు సిద్ధం చేసే అమిగ్డాలా అనే మెదడు భాగం ఈ వయసులో చాలా చురుగ్గా ఉంటుంది. ‘ఆగు, ఆలోచించు’ అని చెప్పే ముందుభాగం ఇరవై ఐదేళ్ల దరిదాపుల వరకూ ఎదుగుతూనే ఉంటుంది. అలాగని తప్పంతా మెదడు మీద తోసేయడానికి లేదు. ఆగే ఏర్పాటు ముందుగానే చేసిపెట్టుకోవాలి, అంతే.

మొదటి పని: వారం రోజులు రాసుకో

ఒక చిన్న నోట్‌బుక్ తీసుకో. ఫోన్‌లో వద్దు. ఫోన్ తెరిస్తే నోట్స్‌కి బదులు చాట్ తెరుచుకుంటుంది. కోపం వచ్చిన ప్రతిసారీ, అది తగ్గాక, ఏడు విషయాలు రాయి: ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది, మనసులో వచ్చిన మొదటి మాట, ఒంట్లో ఏమైంది, కోపం పదికి ఎంత, ఏం చేశావు. ఒక్కోదానికి ఒక్క వాక్యం చాలు. ఇలా ఉండాలి:

‘మంగళవారం, సాయంత్రం 6:40. కోచింగ్ బయట చాయ్ బండి దగ్గర. నా ఫ్రెండ్ నేను ఇష్టపడే అమ్మాయితో నవ్వుతూ మాట్లాడుతున్నాడు, నేను రాగానే ఇద్దరూ ఆపేశారు. మనసులో: నా గురించే నవ్వుకున్నారు. ఒంట్లో: దవడ బిగిసింది, అరచేతుల్లో చెమట. 7. పలకరించకుండా వెళ్లిపోయి గ్రూపులో వాడి మీద మీమ్ పెట్టాను.’

ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది ‘ఏం జరిగింది’ అన్నదీ, ‘మనసులో వచ్చిన మాట’ అన్నదీ. అక్కడ సీసీ కెమెరా ఉంటే ఏది రికార్డవుతుందో అదే జరిగింది. ‘నన్ను పట్టించుకోలేదు’ అన్నది కెమెరాకు కనబడదు. ‘మెసేజ్ చూసి రెండు గంటలు రిప్లై ఇవ్వలేదు’ అన్నది కనబడుతుంది. చాలామంది ఈ రెండూ కలిపి రాసేస్తారు. అలా రాస్తే నోట్‌బుక్ ఫిర్యాదుల పుస్తకమవుతుంది తప్ప ఉపయోగం ఉండదు.

వారం తర్వాత ఒక్కసారి కూర్చుని చదువు. కోపాలన్నీ రెండు మూడు చోట్లే గుమిగూడి కనబడతాయి. టెస్ట్ మార్కులు వచ్చిన సాయంత్రం, మధ్యాహ్నం బాక్స్ తినని రోజు, రాత్రి పదకొండు దాటాక చాట్, నలుగురి ముందు ఎవరైనా నవ్వినప్పుడు. నీ చోట్లు ఏవో తెలిస్తే సగం గొడవలు రాకముందే తప్పుతాయి.

ఇంకొకటి పట్టుకో. ఏ అంకె దాటాక నీ మాట నీ చేతిలో ఉండడం లేదు? చాలామందికి అది 6 దగ్గర ఉంటుంది. ఆ అంకెకు ఒంట్లో కనబడే గుర్తు ఒకటి రాసిపెట్టుకో: దవడ బిగియడం, గొంతు పెరగడం, కాలు ఊపడం. ఆ గుర్తు కనబడిందంటే వాదన అక్కడితో ఆపాలి. ఎవరిది న్యాయమో తర్వాత చూసుకోవచ్చు.

మొదటి రెండు నిమిషాలు

ఇది కోపం లేనప్పుడు సాధన చేయాలి. రోజూ రాత్రి పడుకునేముందు ఐదు నిమిషాలు, రెండు వారాలు చేస్తే, అవసరమైనప్పుడు ఒళ్లు దానంతటదే గుర్తుపెట్టుకుంటుంది. మొదటిసారి గొడవ మధ్యలోనే చేసి చూసి ‘ఇది పనిచేయదు’ అని వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు.

ముందు ఫోన్‌ను బ్యాగ్‌లో పడేయి, జేబులో కాదు. తర్వాత ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదులు. అంటే నిమిషానికి ఆరు శ్వాసలు. బొటనవేలితో వేళ్ల కణుపులు తాకుతూ లెక్కపెట్టు, లెక్క తప్పదు. వదిలే గాలి పీల్చేదానికన్నా పొడుగ్గా ఉండాలి, గుండె వేగం తగ్గేది అప్పుడే. ఛాతీ పొంగేలా గట్టిగా పీల్చకు. తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, కంగారు ఇంకా పెరుగుతుంది. తల తేలిగ్గా అనిపిస్తే లెక్క ఆపి మామూలుగా ఊపిరి తీసుకో.

దగ్గర్లో కుళాయి ఉంటే చల్లటి నీళ్లు కళ్ల కింద, బుగ్గల మీద అరనిమిషం పట్టించు. మొహానికి చల్లదనం తగిలితే గుండె నెమ్మదిస్తుంది. (గుండె జబ్బు ఉన్నవాళ్లు మాత్రం మంచునీళ్లు వాడొద్దు.)

గోడను గుద్దడం, దిండును బాదడం, కారిడార్‌లో తలుపు తన్నడం గురించి గట్టిగా చెప్పాలి. ‘లోపలున్నదంతా బయటికి పోతుంది’ అని చాలామంది నమ్ముతారు. పోదు. 2024లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 154 అధ్యయనాలను కలిపి చూశారు. ఒంటి వేడిని తగ్గించే పనులే, అంటే శ్వాస, ధ్యానం, యోగా లాంటివే, కోపాన్ని తగ్గించాయి. ఒంటిని రెచ్చగొట్టే పనులు మొత్తమ్మీద తగ్గించలేదు. పరుగు ఒంటికి మంచిదే, కానీ కోపం మీద ఉన్నప్పుడు అది మందు కాదు. గోడను గుద్దితే ఇంకో నష్టం ఉంది. చిటికెన వేలి మొదట్లో, అరచేతి ఎముక మెడ దగ్గర విరుగుతుంది. కుడిచేతికి కట్టు పడితే కొన్ని వారాలపాటు పెన్ను పట్టలేవు, పబ్లిక్ పరీక్షలు ఫిబ్రవరి, మార్చిల్లోనే ఉంటాయి.

అక్కడి నుంచి లేచి వెళ్లడం

ఒంట్లో ఎక్కిన అడ్రినలిన్ దిగడానికి కనీసం ఇరవై నిమిషాలు కావాలి, కొందరికి ఇంకా ఎక్కువ. ఐదు నిమిషాలకే ‘నేను ఓకే’ అనుకుని తిరిగొస్తే రెండో మాటకే మళ్లీ రేగుతుంది. అలాగని ఏమీ చెప్పకుండా వెళ్లిపోతే ఎదుటివాళ్లకు అది అవమానంలా ఉంటుంది, వెంటపడి ఇంకా గొడవ చేస్తారు. కాబట్టి వెళ్లేటప్పుడు రెండే ముక్కలు చెప్పు: ఎందుకు వెళ్తున్నావో, ఎప్పుడొస్తావో.

ఫ్రెండ్‌తో అయితే: ‘అరేయ్, ఇప్పుడు మాట్లాడితే ఏదో ఒకటి అనేస్తా. అరగంట ఆగి వస్తా.’
ప్రేమించిన మనిషితో అయితే: ‘నాకిప్పుడు చాలా కోపంగా ఉంది. నీతో గొడవ పడాలని లేదు. ఎనిమిదింటికి ఫోన్ చేస్తా.’
ఇంట్లో అయితే: ‘అమ్మా, కాసేపు డాబా మీదికెళ్లొస్తా. వచ్చాక మాట్లాడుకుందాం.’

చెప్పిన టైమ్‌కి తిరిగి రావడం తప్పనిసరి. రాకపోతే తర్వాతి సారి ఆ మాటను ఎవరూ నమ్మరు.

ఆ ఇరవై నిమిషాల్లో చేయకూడనిది మనసులో డైలాగులు రాసుకోవడం. ‘వాడు ఇలా అంటే నేను అలా అంటా’ అని తిప్పుకుంటూ ఉంటే ఒళ్లు చల్లారదు. కళ్లకు, చేతులకు పని పెట్టు. షాపుల బోర్డులు చదువుతూ నడువు, బట్టలు మడతపెట్టు, అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే ఎన్ని స్టేషన్లు మిగిలాయో లెక్కపెట్టు. కేబీఆర్ పార్కో, ఇందిరా పార్కో దగ్గరుంటే ఒక చుట్టు నెమ్మదిగా నడిచి రా.

బండి మాత్రం తీయొద్దు. కోపం మీద ఓఆర్ఆర్ సర్వీసు రోడ్డు ఎక్కినవాళ్లకు స్పీడ్ తెలియదు. పైగా లైసెన్సు రాని వయసులో పట్టుబడితే 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం ప్రకారం బాధ్యత అమ్మానాన్నల మీద పడుతుంది: 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకూ జైలు.

ఫోన్: గొడవలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే

ఎదురుగా ఉన్న మనిషి మొహం చూస్తే నోరు కొంచెమైనా ఆగుతుంది. స్క్రీన్ మీద ఆ అడ్డు ఉండదు. అందుకే ఫోన్‌కి గట్టి నియమాలు కావాలి, అవీ కోపం లేని ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోవాలి.

కోపంలో రాయాలనిపించింది చాట్ బాక్స్‌లో ఎప్పుడూ టైప్ చేయకు. వేలు తగిలితే వెళ్లిపోతుంది. కాగితం మీద రాయి, ఎంత ఘాటుగా అయినా రాయి. ఇరవై నిమిషాల తర్వాత చదివి, అందులో నిజంగా అడగాల్సిన ప్రశ్న ఒక్కటి ఉంటే దాన్ని మాత్రమే పంపు. మిగతాది చించి పారేయి. ఆరుపేజీల మెసేజ్‌కి ఎవరూ సరిగ్గా జవాబివ్వలేరు. దానిలోంచి ఒక్క తప్పు మాట పట్టుకుని దానికే జవాబిస్తారు.

తర్వాత దిద్దుకోవచ్చులే అనే భరోసా పెట్టుకోకు. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను మార్చుకోవడానికి 15 నిమిషాలే టైమ్. అందరికీ కనబడకుండా తొలగించినా, తొలగించారన్న గుర్తు అక్కడ మిగులుతుంది, అది చూసి ‘ఏం రాశావ్, చెప్పు’ అని ఇంకో గొడవ మొదలవుతుంది. స్క్రీన్‌షాట్ అప్పటికే తీసేసి ఉండొచ్చు కూడా.

బ్లూ టిక్ నిన్ను రేపుతుంటే సెట్టింగ్స్‌లో రీడ్ రిసీట్స్ ఆపేయి. నీవి వాళ్లకు కనబడవు, వాళ్లవి నీకు కనబడవు. గ్రూపుల్లో మాత్రం అది పనిచేయదు. లాస్ట్ సీన్ కూడా దాచేయి. ‘11:50కి ఆన్‌లైన్‌లో ఉంది, నాకు మాత్రం గుడ్‌నైట్ చెప్పలేదు’ అనే లెక్కలకు తావుండదు. రాత్రి పదిన్నర తర్వాత గొడవ విషయాలు ఎత్తొద్దని ఇద్దరూ ముందే ఒప్పందం చేసుకోండి. నిద్ర తక్కువైన మెదడుకు మామూలు మాట కూడా ఎత్తిపొడుపులా వినబడుతుంది.

పాస్‌వర్డ్ అడగొద్దు, ఇవ్వొద్దు. ‘నమ్మకం ఉంటే ఇవ్వాలి కదా’ అని అడిగేవాళ్లు నమ్మకం లేకనే అడుగుతున్నారు. ఎవరితో మాట్లాడాలి, ఏ డీపీ పెట్టాలి, ఎవరి రీల్‌కి లైక్ కొట్టాలి అని అవతలివాళ్లు నిర్ణయిస్తుంటే, దానికి వచ్చే కోపం న్యాయమైన కోపం. అమ్మాయిలు చాలామంది దీన్ని మింగుకుని ఇంట్లో తమ్ముడి మీదో, అమ్మ మీదో విసుక్కుంటారు. ఆ కోపాన్ని ఆపుకోవద్దు. ‘ఇది నాకు నచ్చట్లేదు, ఇవ్వను’ అని మామూలు గొంతుతో ఒక్కసారి చెప్పు, ఎందుకో వివరించాల్సిన పనిలేదు. దానికి బెదిరింపు వస్తే అది ప్రేమ గొడవ కాదు, పెద్దవాళ్లకు చెప్పాల్సిన విషయం.

ఇక ఫొటోలు. కోపంలో ఎవరి ప్రైవేట్ ఫొటో అయినా గ్రూపులో పెడతానని బెదిరించినా, పెట్టినా వెనక్కి తిరిగే దారి ఉండదు. పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల లైంగిక చిత్రాలు పంపడం, దాచుకోవడం కూడా పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం), ఐటీ చట్టాల కింద నేరం. ఇద్దరూ మైనర్లే అయినా కేసు జువైనల్ జస్టిస్ బోర్డు దాకా వెళ్తుంది. ఎవరైనా నిన్ను అలా బెదిరిస్తుంటే డబ్బు పంపకు, బతిమాలకు, చాట్ చెరిపేయకు. స్క్రీన్‌షాట్లు తీసి ఇంట్లో ఒక పెద్దమనిషికి చూపించి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గాని, ఆడపిల్లల భద్రత చూసే పోలీసు బృందాలు షీ టీమ్స్‌కి గాని చెప్పు. హైదరాబాద్‌లో షీ టీమ్స్ 2014 నుంచి పనిచేస్తున్నాయి.

కోపం కింద ఏముంది?

చల్లారాక నోట్‌బుక్ తెరిచి ఒక్క ప్రశ్న వేసుకో: కోపం రావడానికి అరక్షణం ముందు నాకేమనిపించింది?

జవాబు దాదాపు నాలుగింటిలో ఒకటి అవుతుంది. నలుగురి ముందు చిన్నబోయాను. నన్ను వదిలేస్తారేమోనని భయం వేసింది. నాకు దక్కనిది వాడికి దక్కిందని కుళ్లుకున్నాను. ఏమీ చేయలేకపోయానన్న ఉక్రోషం. వీటిలో ఏదో తెలిస్తే ఏం చేయాలో కూడా తెలుస్తుంది. చిన్నబోతే, విషయాన్ని ఒంటరిగా మాట్లాడాలి. భయమైతే, నేరుగా అడగాలి. కుళ్లు అయితే, ఎదుటివాడి తప్పేమీ లేదు, ఆ పూట దూరంగా ఉండడమే మేలు. ఉక్రోషమైతే, దానికి కారణం చాలాసార్లు వేరే చోట, ఇంట్లోనో మార్కుల్లోనో ఉంటుంది.

పై ఉదాహరణే తీసుకో. చాయ్ బండి దగ్గర ఫ్రెండ్ మీద వచ్చిన ఆ 7లో ఎంత వాడి తప్పు? వాళ్లు ఆపేసింది మీమ్ గురించో, నీ పుట్టినరోజు ప్లాన్ గురించో కావచ్చు, నీ గురించే నవ్వుకుని ఉండొచ్చు కూడా. అడిగితేనే తెలుస్తుంది.

ఫ్రెండ్‌తో మాట్లాడడం

మరుసటి రోజు, ఒంటరిగా. గ్యాంగ్ ముందు అడిగితే వాడు పరువు కాపాడుకోవడానికి మాట్లాడతాడు, నిజం చెప్పడానికి కాదు. ఎదురెదురుగా కూర్చోకుండా పక్కపక్కన నడుస్తూ మాట్లాడండి. బస్టాప్ దాకా నడక చాలు. ఆకలి మీద మొదలుపెట్టొద్దు.

వరుస ఇది: జరిగింది, నాకేమనిపించింది, అడగాల్సింది. ‘నిన్న నేను రాగానే మీరిద్దరూ ఆపేశారు. నా గురించే అనుకున్నా, బాగా హర్ట్ అయిన. ఏం మాట్లాడుకున్నర్రా?’ ఇంతే. తర్వాత నోరు మూసుకుని వినాలి. ఇక్కడే చాలామంది ఆగలేరు. జవాబు రాకముందే ‘నువ్వెప్పుడూ ఇంతే’ అంటారు. ‘ఎప్పుడూ’, ‘ఒక్కసారి కూడా’ అన్న మాటలు వస్తే సంగతి నిన్నటి నుంచి మూడేళ్ల వెనక్కి పోతుంది. పాత బాకీలన్నీ ఒకే రోజు తీర్చుకోవాలని చూడకు. ఒక మాటకు ఒక సంగతి.

వాడు నిజంగానే తప్పు చేశాడని తేలితే? నువ్వు ప్రేమిస్తున్నావని తెలిసీ వాడే ఆమెకు ప్రపోజ్ చేశాడనుకో. బాధ నిజం, దూరం జరగడం నీ హక్కు. కానీ ఆమె ఎవరికీ రిజర్వ్ చేసిన సీటు కాదు, ఎవరితో మాట్లాడాలో ఆమె ఇష్టం. వాడి రహస్యాలు బయటపెట్టకుండా, గ్రూపును రెండుగా చీల్చకుండా దూరం జరగగలిగితే, ఏడాది తర్వాత మళ్లీ మాట కలిపే దారి మిగులుతుంది.

ఆమె వద్దంటే, అతను వద్దంటే

వద్దు అంటే వద్దనే. ‘ఇంకో ఛాన్స్ ఇవ్వు’, ‘కారణం చెప్పు’, కాలేజీ గేటు దగ్గర నిలబడడం, ఫ్రెండ్స్‌తో రాయబారాలు, కొత్త నంబర్‌తో కాల్స్, ఇవన్నీ ప్రేమను నిరూపించవు, భయపెడతాయి. అమ్మాయి స్పష్టంగా వద్దన్నాక వెంటపడడం, పదేపదే సంప్రదించడం, ఆన్‌లైన్‌లో కాపలా కాయడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే మూడేళ్ల వరకూ శిక్ష ఉంది. ‘పట్టు వదలకురా మామా’ అని ఎక్కించే దోస్తులు కేసులో నీతో నిలబడరు.

చేయాల్సినవి: ‘సరే, అర్థమైంది’ అని ఒక్క మెసేజ్. ఆ తర్వాత నెల రోజులు మాట్లాడకు, ప్రొఫైల్ చూడకు. మ్యూట్ చేయి, చాట్‌ను ఆర్కైవ్‌లో పడేయి. ఒకే క్లాసు అయితే సీటు మార్చుకో. ఏడుపు వస్తే ఏడువు. మగపిల్లలు ఏడుపు ఆపుకుంటే అది కోపంగా మారి వేరేవాళ్ల మీద పడుతుంది. మొదటి పది రోజులు సాయంత్రాలు కష్టంగా ఉంటాయి, అందుకే ఆ గంటలకు ముందే ఏదో ఒకటి పెట్టుకో: క్రికెట్, లైబ్రరీ, చుట్టాలింటికి వెళ్లడం. నలుగురితో చెప్పుకోవద్దు, ఒక్క మనిషితో పూర్తిగా చెప్పుకో.

నోరు జారితే

క్షమాపణ ఒకటి రెండు రోజుల్లో చెప్పాలి, ఎదురుగా చెప్పాలి, అందులో ‘కానీ’ ఉండకూడదు. ‘నిన్ను అందరి ముందు ఆ మాట అన్నా, తప్పు నాదే. గ్రూపులో పెట్టింది తీసేశా, అక్కడే సారీ కూడా చెప్తా.’ తప్పు నలుగురిలో చేస్తే సారీ కూడా నలుగురిలోనే. వెంటనే క్షమించమని ఒత్తిడి పెట్టొద్దు. అలకకు వాళ్లకూ టైమ్ కావాలి.

నిద్ర, తిండి

ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. కోచింగ్ పిల్లలకు అది దొరకదని తెలుసు. కనీసం ఫోన్‌ను వేరే గదిలో చార్జింగ్ పెడితే గంట కలిసొస్తుంది. సాయంత్రం ఐదు తర్వాత చాయ్, ఎనర్జీ డ్రింక్ మానేయి. స్టడీ అవర్స్‌కి ముందు అరటిపండో, పల్లీలో తిను.

అమ్మానాన్నలకు

పిల్లలు కోపంలో ఉన్నప్పుడు బుద్ధి చెప్పకండి, అది వాళ్ల చెవికెక్కదు. ఫోన్ లాక్కోకండి, ఆ క్షణంలో అది ఇంకో యుద్ధం. చల్లారాక ‘ఏమైంది?’ అని ఒక్కసారి అడిగి, జవాబొచ్చేదాకా ఆగండి. ప్రేమ విషయం బయటపడితే చదువు మాన్పిస్తామన్న బెదిరింపు వల్ల జరిగేది ఒక్కటే. తర్వాతి సారి నిజంగా ప్రమాదంలో పడ్డా మీకు చెప్పరు.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి?

వారంలో మూడు నాలుగుసార్లు 8 దాటుతుంటే, ఎవరినైనా కొట్టినా, వస్తువులు పగలగొట్టినా, చేయి కోసుకోవాలనిపించినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా, కోపం తగ్గడానికి సిగరెట్, మందు కావాల్సి వస్తున్నా, రెండు వారాలుగా దేనిమీదా ఇష్టం లేకపోయినా ఇక సొంతంగా ప్రయత్నిస్తూ కూర్చోవద్దు. కోపం రూపంలో కనబడే డిప్రెషన్ ఈ వయసులో మామూలే, దానికి చికిత్స ఉంది.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు 1098కి కూడా చేయొచ్చు. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి అయితే 112. ప్రభుత్వ వైద్యం కావాలంటే ఎర్రగడ్డలో మానసిక వైద్యశాల ఉంది, అమ్మనో నాన్ననో తోడు తీసుకుని ఉదయం ఓపీకి వెళ్లాలి. ‘ఎర్రగడ్డ’ అనగానే ఇంట్లో జంకితే ముందు మామూలు పిల్లల డాక్టర్ దగ్గరికో, కాలేజీ కౌన్సెలర్ దగ్గరికో వెళ్లినా సరే.

వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్ తీసుకెళ్లు. మొదటిసారి అక్కడ కూర్చున్నాక మాట రాదు, పేజీలు చేతికిస్తే డాక్టర్ చదువుకుంటారు. ఎన్ని గంటలు నిద్రపోతున్నావో, ఏ మందులు వాడుతున్నావో మొదటి పేజీలో రాసిపెట్టు. అమ్మానాన్నలు గదిలో ఉండగా చెప్పలేని విషయం ఉంటే ‘నాతో కాసేపు విడిగా మాట్లాడండి’ అని అడుగు. అలా అడగడం వాళ్లకు కొత్తేమీ కాదు.